ఒక గడి వెనక్కి

మొన్న లింగంపల్లి నుంచి ఎమ్మెంటీఎస్‌లో వస్తుంటే పక్క సీట్లో కుర్రాడు ఫోన్లో ఎవరితోనో మొరపెట్టుకుంటున్నాడు. ఏదో చిన్న సర్క్యూట్ బోర్డు కోసం తన ల్యాప్‌టాప్ మీద ప్రోగ్రాం కంపైల్ చేస్తున్నాడట. పావుగంట పడుతోందట. జీవితం మీద విరక్తి పుడుతోందట. నాకు నవ్వు ఆగలేదు. అతను నా వైపు కాస్త నొచ్చుకున్నట్టు చూసి, తర్వాతి స్టేషన్లో దిగిపోయాడు. అతనికి చెప్పాలనుకున్నది నోట్లోనే ఉండిపోయింది కాబట్టి మీకు చెబుతున్నాను. ఓపికుంటే వినండి.

ఒక యంత్రం మీద కూర్చుని ఇంకో యంత్రానికి ప్రోగ్రాం తయారుచేయడాన్ని మీరు క్రాస్ కంపైల్ అంటారు. డెబ్భైల చివర్లో మా చిన్న బృందంలో దానికంత పెద్ద పేరు లేదు. అక్కడ చేసి ఇక్కడ పెట్టడం అనేవాళ్ళం. వంట ఒక ఇంట్లో, భోజనం ఇంకో ఇంట్లో. మధ్యలో క్యారియర్ మోసే పని నాది.

వంటిల్లు నగరం నడిబొడ్డున, చల్లటి గదిలో ఉండే పెద్ద కంప్యూటరు. భోజనాల ఇల్లేమో లింగంపల్లి దాటి గోపన్‌పల్లి వెళ్ళే దారిలో ఒక ప్రభుత్వ కర్మాగారం. ఈ రోజు మీరు అద్దాల మేడల్లో లిఫ్టు కోసం నిలబడి విసుక్కునే ఆ వైపంతా అప్పుడు బండరాళ్ళు, సీతాఫలం పొదలు, మేకల కాలిబాటలు. స్టేషన్లో దిగితే కంపెనీ జీపు వస్తే వచ్చినట్టు, రాకపోతే నడక. కృష్ణా జిల్లా కాలవ గట్ల మధ్య పెరిగిన నాకు ఆ రాళ్ళను చూస్తే మొదట్లో దిగులు పుట్టేది.

ఆ కర్మాగారంలో ఒక షెడ్డు నిండా ఉండేంత పెద్ద ఫర్నేస్ ఉండేది. పనివాళ్ళు బట్టీ అనేవారు. ఉక్కు భాగాలను అందులో ఎర్రగా కాల్చి మెల్లగా చల్లార్చేవారు. వేడి హద్దు దాటితే లోపలి కప్పు ఇటుకలు వదులై, తలుపు దగ్గర పనిచేసే వాళ్ళ మీదికి రాలే ప్రమాదం ఉంది. నేను చేరడానికి ముందు ఒకసారి రాలాయి కూడా. అప్పుడు మోచేతి నుంచి మణికట్టు దాకా కాలిన మనిషి ఆ తర్వాత తలుపు పని మానేసి, వేడి చూపే గేజీ ముందు కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. పుప్పాలగూడ ఆయన. షెడ్డులో అందరూ తాత అంటే నేనూ తాత అనేదాన్ని. ముల్లు హద్దు దాటగానే లేచి ఒక్క కేక వేసేవాడు. ఆ కేక వింటే తలుపు దగ్గరి ముగ్గురూ చేతిలో ఉన్నది అక్కడే పడేసి బయటికి పరిగెత్తేవారు.

తాత చూసినట్టే వేడిని చూసి, తాత కేక బదులు బెల్లు కొట్టే చిన్న కంప్యూటరు ఒకటి ఆ షెడ్డు పక్క గదిలో పెట్టాలని పై వాళ్ళు నిర్ణయించారు. బీరువాలో సగం ఉండే యంత్రం. దాని బుర్ర ఎంత చిన్నదంటే, తన ప్రోగ్రాం తనే తయారుచేసుకోవడానికి లోపల చోటు చాలదు. అందుకని నేను నగరంలో పెద్ద యంత్రం మీద ఒక అనువాదక ప్రోగ్రాం రాశాను. నేను కార్డుల మీద రాసిన పనులను అది చిన్న యంత్రానికి అర్థమయ్యే అంకెలుగా మార్చి కాగితపు టేపు మీద చిల్లులు పొడుస్తుంది. ఆ టేపు చుట్ట బిస్కెట్ల డబ్బాలో పెట్టుకుని, డబ్బా ఒళ్ళో పెట్టుకుని రైల్లో వచ్చేదాన్ని. తోటి ప్రయాణికులు నాకేసి ఆశగా చూసేవారు. ఒకావిడ తన మనవడికి ఒక బిస్కెట్ ఇప్పించమని అడిగింది కూడా.

లోపల ఒక్క అక్షరం తప్పున్నా మళ్ళీ నగరానికి వెళ్ళాలి. పెద్ద యంత్రం మీద మాకు వారానికి రెండు సార్లే సమయం ఇచ్చేవారు. ప్రతి తప్పుకీ లింగంపల్లి దాకా రావడం భరించలేక ఒక తెలివైన పని చేశాను. పెద్ద యంత్రం లోపలే చిన్న యంత్రంలా నటించే ఇంకో ప్రోగ్రాం రాశాను. టేపు పొడవక ముందే అక్కడే నడిపించి చూసుకునేదాన్ని. అందులో వేడి హద్దు దాటింది, బెల్లు మోగినట్టు కాగితం మీద అచ్చయింది. నేను పొంగిపోయాను. ప్రశ్నపత్రం ఇచ్చిందీ నేనే, దిద్దిందీ నేనే, ఫస్టు క్లాసు వేసుకున్నదీ నేనే అని అప్పుడు తట్టలేదు.

చిన్న యంత్రం దగ్గర ఒక ఆపరేటర్ ఉండేవాడు. గోపన్‌పల్లి వాడే, నా ఈడువాడు. ఐటీఐ చదివి వైర్లు బిగించే పనిలో చేరి, యంత్రం ముందు పలకమీద వెలిగి ఆరే చిన్న దీపాలను చూసి లోపల ఏం జరుగుతోందో చెప్పేంతగా ఎదిగాడు. నాకేమో డిగ్రీ ఉంది, అతనికి ఆ దీపాలు తెలుసు. మా మధ్య గౌరవం ఉండేది గానీ, నా గౌరవంలో కాస్త పైనుంచి చూడటం ఉందని ఇప్పుడు ఒప్పుకుంటాను.

టేపు ఎక్కించిన వారం అతను ఒక కాగితం పట్టుకొచ్చాడు. ఫర్నేస్‌లో పన్నెండు చోట్ల వేడి ఎంతుందో గంటకోసారి అచ్చువేయాలి. పైన ఒకసారి శీర్షిక, దాని కింద పన్నెండు వరుసలు. అచ్చయిందేమో శీర్షిక, ఒక వరుస, మళ్ళీ శీర్షిక, ఇంకో వరుస.

"గిదేంది మేడం? లైను లైనుకు పేరు కొడ్తున్నది. నగరంల గూడ గిట్లనే కొట్టిందా?" అన్నాడు.

నగరంలో అలా కొట్టలేదు. ఆ ఒక్క మాట దగ్గర నేను ఆగి ఉండాల్సింది. కానీ అంకెలు సరిగ్గా ఉన్నాయి, వేడి సరిగ్గా చూపిస్తోంది. శీర్షిక కోసం మళ్ళీ రైలెక్కడం నాకు ఇష్టం లేకపోయింది.

"కాగితం కొంచెం ఎక్కువ ఖర్చవుతుంది, అంతేగా. తర్వాత చూద్దాంలెండి," అన్నాను.

బెల్లు పరీక్ష కూడా అలాగే అయింది. పలక మీద ఒక మీట ఉంది, నొక్కితే బెల్లు మోగుతుంది. నొక్కాను, మోగింది. అతను గోడకి ఆనుకుని నిలబడి, "ఒక్కపారి నిజంగ వేడి వెట్టి చూద్దమా మేడం? జర మనసుకు తసల్లీ ఉంటది," అన్నాడు.

"అక్కర్లేదండీ. అదంతా నగరంలో నడిపించి చూశాను. అక్కడ నడిస్తే ఇక్కడా నడుస్తుంది."

అలా అనేసి సర్టిఫికెట్ మీద సంతకం పెట్టాను. నా కింద మా పెద్ద ఇంజనీరుగారు పెట్టారు. రాబోయే సోమవారం నుంచి బాధ్యత యంత్రానిదే అని ఉత్తర్వు వచ్చింది. తాత కుర్చీ తీసేస్తారు. ఆయన్ని మళ్ళీ తలుపు దగ్గరికే వేశారు. అంటే గేజీకి వీపు తిప్పి, ఆ బెల్లును నమ్ముకుని మరో ముగ్గురితో కలిసి ఆ ఇటుకల కింద నిలబడాలి. యంత్రం దగ్గర ఆపరేటర్‌తో కలిపి షిఫ్టుకి అయిదుగురు.

ఇక ఆ శనివారం సంగతి. మీరు పుస్తకాల్లో చదివే ఆవిష్కరణల్లా కాదు, నాది సెలవు చీటీ దగ్గర జరిగిన గొడవ.

ఆపరేటర్‌కి ఆ నెలలో ఆడపిల్ల పుట్టింది. ఇరవై ఒకటో దినం తొట్టెల, అంటే పాపను ఉయ్యాల్లో వేసే వేడుక, చేస్తామనీ, ఆ రోజు సెలవు కావాలనీ అప్పుడే చెప్పాడు. నేను తేదీకి ఇరవై ఒకటి కలిపి నా డైరీలో మంగళవారం అని రాసుకున్నాను. శనివారం మధ్యాహ్నం అతను చేతులు తుడుచుకుంటూ, "సోమవారం నేను రాను గద మేడం, తాళాలు ఎవరికియ్యాలె?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "సోమవారమా! మొదటి రోజు మీరు లేకపోతే ఎలాగండీ? పై నుంచి చూడటానికి వస్తున్నారు. మీ సెలవు మంగళవారం కదా."

"మంగళవారం ఎట్లయితది? సోమవారమే ఇరవై ఒక్క దినం."

"పాప పుట్టింది మంగళవారం. మంగళవారానికి ఇరవై ఒకటి కలిపితే మంగళవారమే వస్తుంది. ఏడు మూళ్ళు ఇరవై ఒకటి, ఇంకా లెక్క చెప్పాలా?"

"పుట్టిన దినం గూడ లెక్కల్నే మేడం. మీ దిక్కు గట్ల వట్టరా?"

మా దిక్కూ అలాగే పడతారు. మా అమ్మ పురుడు లెక్క, మైల లెక్క ఏనాడూ మొదటి రోజు వదిలేసి చెప్పలేదు. కానీ ఆఫీసు కుర్చీలో కూర్చున్నాక అమ్మ లెక్క గుర్తుండదు. తగ్గడం ఇష్టం లేక గోడ మీది క్యాలెండరు దగ్గరికి నడిచాను. అతనూ వచ్చాడు.

"సోమవారం నుంచి ఎనుకకు లెక్కవెడదాం పట్టుండ్రి," అన్నాడు. తన వేలు సోమవారం గడి మీద పెట్టి "ఒకటి" అన్నాడు. నేను ఆదివారం గడి మీద పెట్టి "ఒకటి" అన్నాను. ఇద్దరం చిన్నపిల్లల్లా పక్కపక్కనే వేళ్ళు జరుపుకుంటూ ఇరవై ఒకటి దాకా వెళ్ళాం. అతని వేలు పాప పుట్టిన మంగళవారం మీద ఆగింది. నాది దానికి ముందున్న సోమవారం మీద.

అతను పకపకా నవ్వాడు. "మీ లెక్కల నా బిడ్డ ఒక దినం ముందుగాలనే పుట్టింది మేడం. గప్పటికి నా ఇంటామె దవాఖానకు గూడ పోలే."

నేను నవ్వలేదు. నా వేలు ఇంకా ఆ గడి మీదే ఉంది. ఒక గడి ఎక్కువ వెనక్కి. బల్ల మీద గంట క్రితం అచ్చయిన కాగితం పడి ఉంది. శీర్షిక, వరుస. శీర్షిక, వరుస.

అక్కడ జరిగింది మీకు అర్థం కావాలంటే ఒక్క విషయం చెప్పాలి. ప్రోగ్రాం అంటే గళ్ళలో ఒకదాని కింద ఒకటి రాసిన పనుల జాబితా. ఒక పని మళ్ళీ మళ్ళీ చేయించాలంటే చివర్న 'ఇన్ని గళ్ళు వెనక్కి వెళ్ళు' అని రాయాలి. వరుస అచ్చువేసే పనికి సరిగ్గా పై గడిలో శీర్షిక అచ్చువేసే పని ఉంది. యంత్రం వెళ్ళాల్సిన దానికంటే ఒక గడి ఎక్కువ వెనక్కి వెళుతోంది. అందుకే లైను లైనుకీ పేరు కొడుతోంది.

అది తట్టగానే సంతోషం కలిగింది. ఆ సంతోషం ఒక నిమిషం కూడా నిలవలేదు. ఇంకా ఎక్కడెక్కడ వెనక్కి వెళ్ళమన్నాను? గబగబా నా రాత కాగితాలు తిప్పాను. చాలాచోట్ల ఒక గడి ఎక్కువైనా నష్టం లేదు, చేసిన పనే ఇంకోసారి చేస్తుంది. బెల్లు గళ్ళ దగ్గర ఆగి, మళ్ళీ మొదటి నుంచి చదివాను.

వేడి ఒక్కసారి హద్దు దాటగానే బెల్లు కొట్టకూడదని, వరసగా మూడుసార్లు దాటితేనే కొట్టాలని నియమం. అందుకని మొదట లెక్కను సున్నా చేస్తాను. తర్వాతి గడి నుంచి వేడి చూడటం, దాటితే లెక్కకి ఒకటి కలపడం, మూడు కాకపోతే వెనక్కి వచ్చి మళ్ళీ వేడి చూడటం. వెనక్కి రావాల్సింది వేడి చూసే గడికి. ఒక గడి ఎక్కువ వస్తే లెక్కను సున్నా చేసే గడిలో పడుతుంది. ఒకటి అవుతుంది, సున్నా అవుతుంది. మళ్ళీ ఒకటి, మళ్ళీ సున్నా. ఫర్నేస్ కరిగి నేలపాలైనా ఆ బెల్లు మోగదు.

"మీరు అడిగారు కదా, నిజంగా వేడి పెట్టి చూద్దామని," అన్నాను.

అతను బల్ల దగ్గరికి వెళ్ళాడు. వైర్లు అతికించే సోల్డరింగ్ ఐరన్ వేడిచేసి తెచ్చాడు. మీటలతో హద్దు తగ్గించి, వేడి కనిపెట్టే తీగ కొనకు ఐరన్ ఆనించాడు. ఇద్దరం దీపాల వైపు చూస్తూ నిలబడ్డాం. లెక్క దీపం వెలిగింది. ఆరింది. అర నిమిషం తర్వాత వెలిగింది. ఆరింది. రెండు అని చూపాల్సిన పక్క దీపం ఒక్కసారి కూడా కన్ను తెరవలేదు.

"యా అల్లా," అన్నాడతను మెల్లగా. పరేషానయితే ఆ చుట్టుపక్కల ఏ మతం వాళ్ళ నోట్లోంచైనా వచ్చే మాట అది.

తప్పు ఎక్కడుందో వెతకడానికి పదినిమిషాలు పట్టింది. సున్నా కంటే తక్కువైన అంకెలను రాయడానికి రెండు పద్ధతులున్నాయి. పెద్ద యంత్రానిది ఒకటి, చిన్నదానిది ఇంకొకటి. పెద్దది తన అలవాటు ప్రకారం 'వెనక్కి అయిదు' అని రాస్తే, చిన్నది తన అలవాటు ప్రకారం 'వెనక్కి ఆరు' అని చదువుకుంది. ముందుకు వెళ్ళే అంకెల్లో తేడా లేదు కాబట్టి మిగతాదంతా బాగానే నడిచింది. నగరంలో నటించిన ప్రోగ్రాం రాసిందీ చదివిందీ పెద్ద యంత్రమే గనక అక్కడ తేడా పడలేదు. ఇదంతా చిన్న యంత్రంతో వచ్చిన పుస్తకంలో ఒక వాక్యంలో ఉంది. ఆ వాక్యం కింద ఎర్ర పెన్సిల్‌తో గీత ఉంది. గీత గీసింది నేనే.

మీలో ఎవరైనా అలాంటి గీత చూసుకున్నారో లేదో నాకు తెలియదు. తెలియక చేసిన తప్పుకి ఏడుపొస్తుంది. తెలిసి మరిచిన తప్పుకి అది కూడా రాదు. సిగ్గుతో ఒళ్ళంతా బిగుసుకుపోతుంది, అంతే.

పెద్ద ఇంజనీరుగారి క్వార్టర్ దగ్గర్లోనే. జీపు లేదు, ఎండలో నడిచివెళ్ళాను. మా పక్క గుంటూరు జిల్లా మనిషే. మా ఆఫీసులో ఆయన కోపానికి పెద్ద పేరుంది. లుంగీలో, పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని పడుకున్నారు. లేపి, నిలబడే మొత్తం చెప్పేశాను. సర్టిఫికెట్ తప్పని, నా సంతకం తప్పని, ఆయన సంతకం నా మూలంగా తప్పని.

ఆయన చాలాసేపు పేపరు మడతపెట్టారు.

"ఏమ్మా, ఆ తాతకి చెప్పావా?"

"లేదండి. ముందు మీ దగ్గరికే వచ్చాను."

"నా దగ్గరికెందుకు? నామీద ఇటుకలు పడతాయా? ముందు ఆయనకి చెప్పు. మోగేదాకా కుర్చీ కదలదని నా మాటగా చెప్పు. పైవాళ్ళకి నేను చెప్పుకుంటాను." నేను గుమ్మం దాటుతుంటే వెనక నుంచి, "తిట్లు సోమవారం తిడతానమ్మా, ఇప్పుడు టైము లేదు," అన్నారు. ఆ మాటకి సగం ప్రాణం లేచొచ్చింది.

మిగతా సగం తాత దగ్గర పోయింది. ఆయన షెడ్డు బయట చుట్ట కాల్చుకుంటున్నాడు. చెప్పాను. ఆయన నా మొహంలోకి కాదు, తన మోచేతి మీది మచ్చకేసి చూసుకున్నాడు.

"అంటె, బట్టీ మీదికొచ్చినా గా బెల్లు మోగదన్నట్టు."

"అవును తాతా."

"చెప్పకుంటె నాకెట్ల దెలుస్తది బిడ్డా? సోమవారం పొద్దుగాల గా బెల్లును నమ్ముకోని ఆడ నిలవడుదును." చుట్ట ఆర్పాడు. "చెప్పినవ్, మంచిగ చేసినవ్. ఇగ బాగు చెయ్యి. గని నువ్వు బాగయిందంటె నేను నమ్మ. నా కండ్ల ముంగట వేడి వెట్టి చూపియ్యాలె."

నగరంలో కంప్యూటరు గది సోమవారం దాకా తెరవరు. కొత్త టేపు రాదు. కాబట్టి చిన్న యంత్రంలోనే ఒక్కొక్క అంకె చేత్తో మార్చాలి. శనివారం సాయంత్రం దాకా కూర్చుని వెనక్కి వెళ్ళే గళ్ళన్నీ వెతికి పట్టుకున్నాను. ఆపరేటర్ ఆదివారం పొద్దున్నే వచ్చాడు. ఇంట్లో తొట్టెల పనులు పెట్టుకుని ఎందుకొచ్చారంటే, "మా అమ్మ వెళ్ళగొట్టింది మేడం, ఇంట్ల నా పనేం లేదంట," అన్నాడు. నేను గడి సంఖ్య చదవడం, అతను మీటలు పైకీ కిందికీ వేసి సరైన అంకె పెట్టడం, మళ్ళీ నేను దీపాలు చూసి సరిపోల్చుకోవడం. ఒక్కోసారి అతను ఆగి, "గిది ఇందాక చేసినం మేడం," అనేవాడు. నిజమే అయ్యేది. శీర్షిక ఒక్కసారే అచ్చయినప్పుడు ఇద్దరం ఆ కాగితాన్ని పాస్‌పోర్టులాగా తిప్పి తిప్పి చూసుకున్నాం.

తర్వాత తాతను పిలిచాం. ఆదివారం అయినా వచ్చి కూర్చున్నాడు. సోల్డరింగ్ ఐరన్ చూపిస్తే తల అడ్డంగా ఊపాడు. "గది మీ సామాను. నాకు దెల్వదు." తనే కిరసనాయిలు స్టవ్ వెలిగించి అల్యూమినియం కెటిల్లో చాయ్ పెట్టాడు. "పొంగినప్పుడు వేడయిందని నాకు ఎరుకైతది. మీ తీగ గిండ్ల ముంచుండ్రి."

కొలత యంత్రం తీగను చాయ్‌లో ముంచడం నిబంధనలకు విరుద్ధం. ముంచాం.

చాయ్ మరగడం మొదలైంది. లెక్క దీపం వెలిగింది. ఒకటి. అర నిమిషం. మొదటి దీపం ఆరి పక్క దీపం వెలిగింది. రెండు. నిన్నటి నుంచి ఆ దీపం కోసం ఎదురుచూస్తున్నాను. దేవుడి గదిలో దీపాన్ని కూడా నేను అంత భక్తిగా చూసి ఉండను. ఇంకో అర నిమిషం. కెటిల్ మూత టకటకలాడుతోంది.

బెల్లు మోగింది.

స్కూలు బెల్లు లాంటి పెద్ద మోత. ఆదివారం ఖాళీ షెడ్డులో అది మరీ గట్టిగా వినిపించింది. తాత కుర్చీలోంచి లేచి, అలవాటు ప్రకారం తలుపు వైపు నాలుగడుగులు పరిగెత్తి, మా వైపు తిరిగి నవ్వాడు. గేటు దగ్గర వాచ్‌మన్ ఏమైందోనని కర్ర పట్టుకుని ఉరికొచ్చాడు. ఆపరేటర్ బెల్లు ఆపాడు. నేను వెళ్ళి తాత కుర్చీలో కూలబడ్డాను. ఏడ్చాను కూడా. చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గు లేదు.

"చాయ్ తాగు బిడ్డా," అన్నాడు తాత. అందులో తీగ ముంచామని గుర్తుచేశాను. "ఏం గాదు, మరిగింది గద," అన్నాడు. ముగ్గురం తాగాం. కొంచెం ఇనుము రుచి వచ్చింది. అంత మంచి చాయ్ మళ్ళీ తాగలేదు.

సోమవారం ఆపరేటర్ సెలవులోనే ఉన్నాడు. యంత్రం దగ్గర నేనే కూర్చున్నాను. తాత కుర్చీ కూడా ఉంది. పైనుంచి వచ్చినవాళ్ళకి పెద్ద ఇంజనీరుగారు ఏం చెప్పారో తెలియదు గానీ, ఇంకో పదిహేను రోజులు రెండు కాపలాలూ ఉండాలని వాళ్ళే రాసి వెళ్ళారు. తర్వాత ఆయన మాట తప్పకుండా నన్ను అరగంట తిట్టారు. సాయంత్రం గోపన్‌పల్లి వెళ్ళాను. తొట్టెల్లో పాప నిద్రపోతోంది. వాళ్ళమ్మమ్మ నా నుదుట బొట్టు పెట్టి, "ఇగో, పట్నం మేడం. బిడ్డ పుట్టకముందే పుట్టిందన్నది ఈమెనే," అని చుట్టుపక్కల వాళ్ళకి పరిచయం చేసింది. ఊరంతా అప్పటికే చెప్పేసినట్టున్నాడు.

పదిహేను రోజుల తర్వాత కుర్చీ తీసేశారు. తాత తలుపు దగ్గరికి వెళ్ళాడు. ఇంకో నాలుగు నెలలు గడిచాయి. నేను నగరంలో ఇంకేదో పనిలో పడ్డాను.

ఒక రోజు మధ్యాహ్నం, భోజనం డబ్బా మూత తీస్తుంటే ఆఫీసులో ఫోను మోగింది. ఆపరేటర్. రొప్పుతున్నాడు.

"మేడం, బెల్లు కొట్టింది."

"టెస్టు చేశారా?"

"కాదు మేడం. నిజంగనే. బట్టీ నూనె వాల్వు పట్టుకపోయి మంట ఆగలేదట. బెల్లు కొట్టంగనే అందరు ఉరికిండ్రు. ఎనుకనే ఇటుకలు రాలినయి. తలుపు కాడ ఇప్పుడు నిలవడనీకి జాగ లేదు."

"అందరూ బయట ఉన్నారా? సరిగ్గా లెక్కపెట్టారా?"

"పెట్టిన మేడం. కిటికీలకెల్లి కనవడ్తున్నరు. తాత ఉన్నడు. గా ముగ్గురున్నరు. నలుగురు."

షిఫ్టుకి అయిదుగురు. నా చేతిలోని మూత కిందపడింది. "నలుగురేంటండీ! అయిదుగురు ఉండాలి కదా! ఇంకొకరు ఎవరు? ఎక్కడున్నారు?"

అవతల అతను మళ్ళీ ఒకటి, రెండు అని గొణుక్కోవడం వినిపించింది. నా జీవితంలో అంత పొడుగాటి లెక్క ఇంకోటి లేదు. తర్వాత నవ్వు వినిపించింది. క్యాలెండరు దగ్గర విన్న నవ్వే, ఈసారి వణుకుతూ.

"నేనే మేడం," అన్నాడు. "మీతోటి మాట్లాడ్తున్న గద. నన్ను లెక్కల పట్టుడు మర్చిపోయిన."